తెర మీది జైలు, నేనున్న జైలు

జైలు నుంచి వచ్చాక నన్ను చూడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "లోపల కొట్టేవారా?" ఆ తర్వాతి ప్రశ్నలూ ఆ దారిలోనే ఉండేవి. రౌడీలుంటారట కదా, చారల బట్టలిస్తారట కదా, రాళ్లు కొట్టిస్తారట కదా. అడిగినవాళ్లను నేను తప్పుపట్టను. మనలాంటి ఇళ్లలో జైలంటే ఏమిటో చెప్పింది సినిమాలూ సీరియళ్లే. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నా నోరు విప్పరు. నేను విప్పుతున్నాను, ఎందుకంటే తెర నేర్పిన భయాల్లో చాలావాటితో నాకు పని పడలేదు, పని పడిన విషయాల్లో ఒక్కటీ తెర నాకు నేర్పలేదు. దానివల్ల లోపలున్న నాకంటే బయటున్న నా భార్య, మా అమ్మ ఎక్కువ నలిగిపోయారు.

2019 వానాకాలంలో నన్ను అరెస్టు చేశారు. డిపాజిట్లు కట్టించుకునే ఒక ప్రైవేటు సంస్థ బ్రాంచిలో అకౌంటెంటుగా చేసేవాణ్ణి. యజమాని కనిపించకుండా పోయాడు, డబ్బు కట్టినవాళ్లు ఫిర్యాదు చేశారు, బ్రాంచి స్టాఫ్ పేర్లన్నీ ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కాయి. ఐపీసీ 420 (మోసం), 409 (నమ్మి అప్పగించిన సొమ్ము కాజేయడం) సెక్షన్లు. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి దాని మంచిచెడ్డలు ఇక్కడ రాయను. దసరా దాటేవరకూ మా జిల్లా జైల్లో రిమాండ్ ఖైదీగా, అంటే తీర్పు రాకముందే కోర్టు జైల్లో ఉంచిన మనిషిగా, ఉన్నాను. నేను చూసింది ఒక జైలు, ఒక బ్యారక్. అన్ని జైళ్లూ ఇలాగే ఉంటాయని చెప్పడం లేదు.

ముందు ఒక సంగతి తేల్చాలి. పోలీస్ స్టేషన్ లాకప్ వేరు, జైలు వేరు. సీరియళ్లలో ఈ రెండూ కలిసిపోతాయి. ఎస్సై కటకటాల తలుపు వేసి తాళం పెడతాడు, ఆ కటకటాల వెనకే నెలల తరబడి హీరోకి గడ్డం పెరుగుతుంది. నిజానికి అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగంలోనే, 22వ అధికరణంలో ఉంది. ఆ తర్వాత కూడా పోలీసులు తమ దగ్గరే ఉంచుకోవాలంటే కోర్టు కస్టడీకి ఇవ్వాలి. జైలు పోలీసులది కాదు. జైళ్ల శాఖ వేరు, అక్కడి జైలర్లు, వార్డర్లు ఆ శాఖ ఉద్యోగులు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నన్ను జైలుకి పంపారని తెలియగానే మా అమ్మ గుండె పగిలేలా ఏడ్చిందట. స్టేషన్లో ఉన్నంతసేపూ మాత్రం, "ఇంకా జైలు దాకా పోలేదులే" అని ధైర్యంగా ఉందట. దెబ్బల భయం ఉంటే ఆ స్టేషన్ గంటల్లోనే ఎక్కువ ఉండాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఆ గంటల కోసమే. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, బంధువుకి కబురు చెప్పాలి, ఒంటి మీద దెబ్బలుంటే రాయించాలి. కుటుంబం స్టేషన్ బయట కూర్చుని అడగాల్సినవి ఇవి. మావాళ్లు జైలు గేటు దగ్గర ఏడ్చారు, స్టేషన్ దగ్గర ఏమీ అడగలేదు. అడగాలని వాళ్లకి ఎవరు చెప్పారు గనక?

తెర మీద కోర్టు అంటే బోను, నల్లకోట్లు, సుత్తి. నన్ను తీసుకెళ్లింది మేజిస్ట్రేటు గారి ఇంటికి. కోర్టు వేళ దాటిపోయింది. అంతకుముందు ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు బీపీ చూసి ఒక కాగితం రాసిచ్చాడు. వరండాలో ఒక బల్ల, దాని మీద ఫైళ్లు. మేజిస్ట్రేటు మేడమ్ రిమాండ్ రిపోర్టు చదివి, పోలీసుల్ని కాస్త దూరంగా నిలబడమని, "నిన్ను కొట్టారా? ఏమైనా చెప్పుకోవాలా? లాయర్ ఉన్నాడా?" అని అడిగారు. లేదన్నాను, లేదన్నాను, ఉన్నాడన్నాను. సంతకం పెట్టించారు. జీవితం అటు ఇటు అయిపోయే ఘట్టం అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు.

రిమాండ్ ఒకసారికి 15 రోజులకు మించి ఇవ్వకూడదు. పేపర్లలో '14 రోజుల రిమాండ్' అని వచ్చేది అదే. దాన్ని మా ఇంట్లో 14 రోజుల శిక్ష అని అర్థం చేసుకున్నారు. మా బావమరిది పద్నాలుగో రోజున కారు మాట్లాడుకుని వచ్చాడు. గేటు దగ్గర వార్డరు, "ఇంకో పద్నాలుగు పొడిగించారు బాబూ" అంటే కాసేపు నమ్మలేదట. దర్యాప్తు నడుస్తున్నంతకాలం ఈ పొడిగింపులు ఉంటాయి. కేసుని బట్టి 60 లేదా 90 రోజుల్లోగా ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ అడిగే హక్కు పుడుతుంది. 409లో యావజ్జీవం దాకా ఉంది కాబట్టి నాది 90 రోజుల లెక్క. ఈ లెక్క తెలిసుంటే మా ఆవిడ ప్రతి పదిహేను రోజులకీ ఒక కొత్త ఆశ పెట్టుకుని కూలిపోయేది కాదు.

జైలు పెద్ద గేటు తెరవలేదు. దాంట్లో ఉన్న చిన్న తలుపులోంచి తల వంచి దాటాలి. లోపల మొదటి గంట అంతా రిజిస్టర్లే. పేరు, తండ్రి పేరు, కేసు, కోర్టు, ఎత్తు, బరువు. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే రెండు పుట్టుమచ్చలు. జేబులో ఉన్న డబ్బు, వాచీ, ఉంగరం రాసుకుని సంతకం తీసుకున్నారు. బట్టలు విప్పించి సోదా చేశారు. చేసిన మనిషి కర్కశంగా ఏమీ లేడు, రోజుకి ఎంతమందినో చూసేవాడు, నా మొహం కూడా చూడలేదు. మొలతాడు తీసేయమన్నాడు. తాడూ దారం ఏదీ లోపలికి పోకూడదు, ఉరి వేసుకుంటారని. మా వైపు భార్య పోయినవాడికి తప్ప మొలతాడు తెంపరు. బ్లేడు ముక్కతో అతను దాన్ని తెంపినప్పుడు మా ఆవిడ గుర్తొచ్చి కాళ్లలో వణుకు పుట్టింది. ఈ సంగతి ఆమెకి చాలాకాలం చెప్పలేదు. తెర మీద జైల్లో మనిషి పరువు పోయేది ఎవడో చెంప మీద కొడితే. నాకు పోయింది ఆ గదిలో, ఎవరూ చెయ్యి ఎత్తకుండానే.

జైలు డాక్టరు ఒంటి మీద గాయాలున్నాయా అని వెతికి, లేవని రాసుకున్నాడు. అది నా మంచికని అప్పుడు అనిపించలేదు. తర్వాత అర్థమైంది. బయట తగిలిన దెబ్బ ఏది, లోపల తగిలింది ఏది అని రేపు ఎవరైనా అడిగితే ఆ రాతే ఆధారం. కాబట్టి ఆ డాక్టరు దగ్గర ఏదీ దాచకూడదు. పోలీసులు భయపెట్టినా సరే అక్కడ చెప్పాలి.

చారల బట్టలు లేవు, మెడలో నంబరు పలక లేదు. రిమాండ్ ఖైదీలు ఇంటి బట్టలే వేసుకుంటారు. శిక్ష పడినవాళ్లవి తెల్లబట్టలు. లుంగీ కట్టుకుని, చేతిలో అల్యూమినియం పళ్లెం, గ్లాసు, ఒక దుప్పటి పట్టుకుని బ్యారక్‌లోకి వెళ్లాను. గుండె దడదడలాడుతోంది. మూలన ఒక గడ్డం మనిషి కూర్చుని ఉంటాడని, చుట్టూ అతని మనుషులుంటారని, కాళ్లు పట్టమంటాడని నా మనసు నమ్మేసింది. ఇన్నేళ్ల సినిమాలు ఊరికే పోతాయా! తీరా చూస్తే, తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన కాస్త జరిగి చోటిచ్చి, "ఏం కేసు బాబూ? ఏ కోర్టు? లాయరెవరు?" అని అడిగాడు. ఆ మూడు ప్రశ్నలే అక్కడ అందరికీ పలకరింపు. ఆయన, ఆయన కొడుకు ఇద్దరూ 498-ఏ కేసులో, అంటే కోడల్ని వేధించారన్న కేసులో, వచ్చారు. పక్కన లారీ డ్రైవరు, బైకు మీద వస్తున్నవాళ్లకి గుద్దాడు. గంజాయి సంచీతో దొరికిన కుర్రాళ్లు నలుగురు. వాళ్ల వయసు చూస్తే కాలేజీలో ఉండాలి. నాటుసారా కేసులు. పొలం గట్టు తగాదాలో తల పగలగొట్టిన అన్నదమ్ములు. హత్య కేసులో ఉన్న ఒకతను అందరికంటే నెమ్మదస్థుడు, తెల్లవారుజామునే లేచి స్నానం చేసి కూర్చునేవాడు.

వీళ్లలో ఎవరికీ ఇంకా శిక్ష పడలేదు. తెర మీద జైల్లో ఉన్నవాడంటే తీర్పు వచ్చినవాడు. నిజం దానికి తలకిందులు. 2022 లెక్కల ప్రకారం మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 75 మందికి పైగా. నేరం చేశాడో లేదో ఇంకా ఎవరూ తేల్చని మనుషులతో మన జైళ్లు నిండి ఉన్నాయి. ఈ ఒక్క సంగతి ఏ సీరియల్లోనూ ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

దెబ్బలే లేవని అంటానా? నేను తినలేదు, నా బ్యారక్‌లో పెద్ద కొట్లాట చూడలేదు. అరుపులు, నెట్టుకోవడాలు ఉండేవి, అవి కూడా నీళ్ల దగ్గర. కానీ నేను చదువుకున్నవాణ్ణి, బయట లాయరున్నవాణ్ణి, ములాఖత్‌కి, అంటే చూసి మాట్లాడటానికి, వారం వారం మనుషులొచ్చేవాణ్ణి. ఎవరూ రానివాడికి జైలు వేరేగా ఉంటుంది. మరుగుదొడ్లు బ్యారక్ చివర సగం గోడ వెనక ఉండేవి. కడిగే పని వంతులవారీ అన్నారు. కొన్నాళ్లు చూశాక, వంతు ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆగుతోందని గమనించాను. ఎవరూ వాళ్లని పేరుపెట్టి పిలవరు, ఎవరూ ఆజ్ఞ వేయరు, వాళ్లే లేస్తారు. ఏ పేటవాళ్లో అందరికీ తెలుసు. ఒకరోజు నేను చీపురు పట్టుకుంటే 498-ఏ పెద్దాయనే, "మీకెందుకండీ" అన్నాడు. అంత మంచి మనిషి. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసులో సుప్రీంకోర్టు, జైలు మాన్యువల్స్‌లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు చెల్లవని తీర్పిచ్చినప్పుడు ఆ చీపురు, ఆ ఇద్దరు ముగ్గురి మొహాలు నా కళ్ల ముందుకొచ్చాయి. కాగితం మీద రాత పోతుంది సరే, "మీకెందుకండీ" అనే మాట పోవడానికి ఇంకా ఏం చేయాలో నాకు తెలియదు.

జైలు రోజు గురించి చెప్పాలంటే సాయంత్రం గురించి చెప్పాలి. అయిదు దాటేలోపు రాత్రి భోజనం ఇచ్చేసేవారు. అన్నం, పప్పు లేదా సాంబారు, కూర. తిండి నేను భయపడినంత అన్యాయంగా లేదు, ఆదివారం కోడికూర కూడా ఉండేది. తర్వాత లెక్క. జతలు జతలుగా కూర్చోబెట్టి లెక్కపెట్టి, సరిపోయాక తాళం. మళ్లీ పొద్దున ఆరింటికే తీస్తారు. బయట ఎండ ఇంకా ఉండగానే మాకు రాత్రి మొదలయ్యేది. పిల్లలు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ పడేసే వేళ, మా ఆవిడ టీ పెట్టే వేళ, మాకు తలుపు పడేది. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆర్పరు. మొదటివారం మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకునేవాణ్ణి. తలుపు పడ్డాక పన్నెండు గంటలకు పైగా ఏమీ చేయడానికి ఉండదు, అటు తిరగాలంటే పక్కవాడు కూడా తిరగాలి. సినిమావాళ్లకు ఈ గంటలు పనికిరావు. ఒక పాటలో, క్యాలెండరు కాగితాలు ఎగిరే ఒక షాట్‌లో దాటేస్తారు. కానీ జైలంటే ఆ దాటేసిన భాగమే.

మా బ్యారక్‌లో ఒక టీవీ ఉండేది. అదే నేను ఇదంతా రాయడానికి కారణం కావచ్చు. ఒక ఆదివారం మధ్యాహ్నం పాత సినిమా వచ్చింది. హీరో చేయని నేరానికి జైలుకి వెళ్తాడు. అప్పటిదాకా గుసగుసలాడుకుంటున్న బ్యారక్ మొత్తం టీవీ ముందుకు జరిగింది. తెర మీద ఒక పెద్ద హాలు, బల్లలు, బెంచీలు, ఖైదీలంతా కూర్చుని భోంచేస్తున్నారు. "కుర్చీ బల్లలున్నాయిరా వీళ్లకి!" అని ఒకడన్నాడు. మేం నేల మీద వరసలో కూర్చుని తినేవాళ్లం. విలన్ మనిషి హీరో పళ్లెం తన్నాడు, అన్నం చెల్లాచెదురైంది, కొట్లాట మొదలైంది. "ఇంత గొడవైతే అలారం కొట్టరా? వార్డర్లెక్కడ?" అని లారీ డ్రైవరు గట్టిగా అడిగాడు. తర్వాత హీరో రాళ్లు కొట్టాడు. కఠిన కారాగార శిక్ష అంటే ఇప్పుడు మన జైళ్లలో మగ్గాలు, వడ్రంగం, బేకరీ, సబ్బుల తయారీ, తోట పని. దానికి కూలి కూడా కట్టిస్తారు. రిమాండ్ ఖైదీలకు ఆ పని కూడా లేదు, ఉంటే బాగుండునని చాలామంది అనేవాళ్లు.

ఆ తర్వాత హీరో తల్లి వచ్చింది. కటకటాల్లోంచి చేతులు పట్టుకుని ఏడుస్తోంది, వెనక పాట. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. గంజాయి కేసు కుర్రాళ్లలో చిన్నవాడు లేచి నా పక్కకొచ్చి, "సార్, మా అమ్మ రోజూ సీరియళ్లు చూస్తది. నేను కూడా ఇలా రాళ్లు కొడుతున్నాననే అనుకుంటది. ఉత్తరం రాసి పెడతారా?" అన్నాడు. రాశాను. రాళ్లు కొట్టించడం లేదమ్మా, సొంత బట్టలే వేసుకుంటున్నాను, ఉప్మా పెడుతున్నారు, దోమలు ఎక్కువ, ఒక దుప్పటి పంపు. చివర్లో అతను చెప్పిన మాట యథాతథంగా రాశాను: నన్నెవరూ కొట్టట్లేదు, నువ్వు టీవీ చూడకు.

ములాఖత్ గురించి ఆ సినిమా చెప్పింది కూడా అబద్ధమే. చేతులు పట్టుకోవడం ఉండదు. మా జైల్లో రెండు వరసల ఇనుప జాలీ, మధ్యలో ఒక మనిషి నడిచేంత ఖాళీ. ఇటు పదిహేనుమందిమి, అటు వాళ్ల ఇంటివాళ్లు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. అరిస్తేనే వినబడుతుంది. మా ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఇంటి అద్దె సంగతి, పిల్లాడి ఫీజు సంగతి, లాయరు అడిగిన డబ్బు సంగతి అందరూ వినేలా అరిచి చెప్పాల్సి వచ్చేది. మొదటిసారి ఏడవడానికి కూడా టైమ్ లేదు. "పాస్‌బుక్ ఎక్కడ పెట్టారండీ?" అని అడిగింది, "బీరువా పై అరలో" అన్నాను, బెల్లు కొట్టారు. ఆ ములాఖత్ కోసం ఆమె పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి, పేరు రాయించి, చెట్టు కింద మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర లోపలికి రానివ్వలేదు. కోర్టు ఆర్డరు ఉంటేనే ఇంటి భోజనం. గేటు దగ్గర ఏవి తీసుకుంటారో ఏవి తీసుకోరో ముందే తెలియక ఎంతమంది తల్లులు డబ్బాలు అలాగే వెనక్కి మోసుకెళ్లారో! తెర మీద జైలు కష్టమంతా లోపలివాడిదే. ఆ చెట్టు కింద ఒక్క పూట కూర్చున్నవాళ్లెవరూ అలా తీయరు.

మా అమ్మ ఒక్కసారే వచ్చింది. జాలీ అవతల నన్ను గుర్తుపట్టలేక వేరే కుర్రాణ్ణి చూసి చెయ్యి ఊపింది. మళ్లీ రావద్దన్నాను. వారానికి ఇన్నిసార్లని గోడకున్న ఫోన్లో, ముందే రాసిచ్చిన నంబర్లకి మాట్లాడనిచ్చేవారు. ఆమెకి అదే నయం.

రిమాండ్ పొడిగింపుకి కోర్టుకి కూడా వెళ్లలేదు. వీడియోలోనే. ఒక గదిలో వరసగా నిలబెట్టి, పేరు పిలవగానే తెర ముందుకెళ్లాలి. అటువైపు మేజిస్ట్రేటు తల, ఫైళ్లు. పేరు, తేదీ, అయిపోయింది. నేనెవరో చెప్పుకోవాలని రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయేవి. భగవద్గీత మీద ప్రమాణం, బల్ల గుద్దే లాయరు, ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చే సాక్షి, ఇవన్నీ చూసి పెరిగినవాళ్లకి ఆ నిశ్శబ్దం అన్యాయంగా అనిపిస్తుంది. ప్రమాణం సంగతికొస్తే, మన కోర్టుల్లో సాక్షి దైవసాక్షిగానో మనస్సాక్షిగానో చెబుతాడు, పుస్తకం మీద చెయ్యి పెట్టించరు.

ఇంకో నమ్మకం కూడా లోపల చాలామందిలో ఉంది, శిక్ష పడినవాళ్లలో సైతం: జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు లెక్క, అందుకే 14 ఏళ్లంటే ఏడేళ్లేనని. అది ఉత్తమాట. రోజంటే 24 గంటలే. యావజ్జీవం అంటే చట్టం ప్రకారం బతికున్నంతకాలం. పద్నాలుగేళ్లు అనేది కొన్ని కేసుల్లో ప్రభుత్వం శిక్ష తగ్గించే ముందు గడవాల్సిన కనీస కాలం మాత్రమే.

ఉత్తరాలు రాస్తున్నానని తెలిశాక నన్ను 'రైటర్ గారూ' అనడం మొదలుపెట్టారు. అర్జీలు, బెయిల్ పిటిషన్ వివరాలు, లాయరుకి చీటీలు. అప్పుడు చూశాను అసలు జైలుని. మా బ్యారక్‌లో శ్రీకాకుళం వైపు నుంచి ఇటుక బట్టీ పనికి వచ్చిన ఒక తాత ఉండేవాడు. మోటారు వైరు దొంగతనం కేసు. ఆయన కాగితాలు చదివితే తెలిసింది, బెయిల్ ఎప్పుడో వచ్చేసింది! పదివేల చొప్పున ఇద్దరు జామీనుదార్లు (పూచీ ఉండేవాళ్లు) కావాలి. ఈ జిల్లాలో ఇంటి పన్ను రసీదు ఉన్న మనిషి ఆయనకి ఒక్కడూ తెలియదు. బట్టీ యజమాని రాడు. ఊళ్లో తమ్ముడున్నాడు, కానీ వేరే జిల్లావాళ్ల జామీను కుదరదని ఎవరో చెప్పారట. అంతే, ఆయన అక్కడితో ఊరుకున్నాడు. "బెయిలొచ్చింది తాతా!" అంటే, "వచ్చింది గానీ నాకు రాలేదు బాబూ" అన్నాడు.

ఈ బాధ కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌కి చెందిన మోతీరామ్ అనే తాపీమేస్త్రీ విషయంలో 1978లోనే సుప్రీంకోర్టు దీన్ని చూసింది. పదివేల జామీను అడిగి, తమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు కాదంటే, జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పని, పేదవాడి బెయిల్‌ని అలా అందకుండా చేయకూడదని చెప్పారు. నలభై ఏళ్ల తర్వాత మా బ్యారక్‌లో అదే కథ, అదే పదివేలు. పేదలకు ఉచిత న్యాయ సహాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున జైలుకి వచ్చే లాయరుకి నేను తాత కాగితాలన్నీ వరసగా పెట్టి ఇచ్చాను. షరతు మార్చమని ఆయన పిటిషన్ వేశారు. కొంతకాలానికి తమ్ముడి జామీనుతోనే సరిపెట్టారు. తాత నాకంటే ముందే వెళ్లాడు. వెళ్లేటప్పుడు తన సబ్బు ముక్క, దువ్వెన నాకిచ్చాడు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బెయిల్ ఉత్తర్వు కాపీని కోర్టు అదే రోజో మర్నాడో జైలుకి ఈమెయిల్లో పంపాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. నెలలోపు జామీను పెట్టలేకపోతే కోర్టే షరతుల్ని మళ్లీ చూడొచ్చు. స్థానికుల జామీనే కావాలని పట్టుబట్టొద్దని కూడా అన్నది. జామీను కట్టలేని పేద విచారణ ఖైదీలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం కూడా 2023లో వచ్చింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవం ఉన్న నేరాలకు ఇది వర్తించదు. ఇవి తాతలాంటివాళ్ల చెవిన వేసే మనిషి జైల్లో ఉండాలి. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది: బెయిల్ వచ్చిన సంగతి ఒక అకౌంటెంటు అనుకోకుండా కాగితం చదివితే బయటపడాలా?

నా బెయిల్ సంగతి. సీరియల్లో లాయరు ఒక కాగితం ఊపుకుంటూ వస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. నాకు బెయిల్ వచ్చిందని ఫోన్లో తెలిశాక కూడా రోజులు పట్టింది. ఆర్డరు కాపీ రావాలి. మా బావమరిది, మా వీధిలో టైలరు గారు జామీను ఉండటానికి ఒప్పుకున్నారు. ఇంటి పన్ను రసీదులు, ఆస్తి విలువకి ఆఫీసు ధ్రువపత్రం, ఆధార్ ఒరిజినళ్లు, ఫోటోలు. ధ్రువపత్రం ఇవ్వాల్సిన ఆఫీసులో సంతకం పెట్టాల్సినాయన సెలవు. ఆయన వచ్చాక కోర్టులో ఇద్దర్నీ నిలబెట్టి, ఈ మనిషి మీకెలా తెలుసు, రాకపోతే డబ్బు కడతారా అని అడిగారు. టైలరు గారు, "కడతానండీ, వస్తాడండీ" అన్నారట. ఆ రెండు మాటలకి నేను ఆయనకి బతికున్నంతకాలం రుణపడి ఉంటాను. రిలీజ్ ఆర్డరు ఆ సాయంత్రం బయల్దేరింది గానీ లాకప్ వేళలోపు జైలుకి చేరలేదు. లెక్క అయిపోయాక ఎవర్నీ వదలరు. బయట మావాళ్లు, లోపల నేను, కోర్టు వదిలేయమన్నా ఇంకో రాత్రి. ఆ రాత్రి నాకు మిగతా అన్ని రాత్రులకంటే పొడుగ్గా గడిచింది.

సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలుని మ్యూజియంగా మార్చారు. 2016లో 500 రూపాయలు కట్టినవాళ్లకి 24 గంటలు ఖైదీలా ఉండే ఏర్పాటు చేశారు. ఖద్దరు బట్టలు, పళ్లెం, గ్లాసు, జైలు భోజనం, తాళం వేసిన గది అన్నీ ఇచ్చేవారు. దాని గురించి ఒక స్నేహితుడు, "నువ్వు చూసింది అదేనా?" అని అడిగాడు. ఆలోచించి కాదన్నాను. వస్తువులన్నీ అవే కావచ్చు. రేపు ఫలానా గంటకి బయటికెళ్తానని వాళ్లకి తెలుసు. మాకు తెలియదు. రేపా, దసరాకా, సంక్రాంతికా అన్నది తెలియకపోవడమే మా బ్యారక్‌లో ప్రతి మనిషినీ లోపల నుంచి తినేసింది.

ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరింట్లోనైనా అరెస్టు జరిగితే నా దగ్గరికి పంపుతున్నారు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ముందు కాగితం, పెన్ను ఇస్తాను. ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, ఏ కోర్టు, రిమాండ్ మొదలైన తేదీ రాసుకోమంటాను. ఆ తేదీ నుంచి 60, 90 లెక్కపెట్టి క్యాలెండర్లో గుర్తు పెట్టమంటాను. ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు ఎలా చూడాలో చూపిస్తాను. లాయరుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు, ఉచిత న్యాయ సహాయం అడగటం దానం అడగడం కాదని చెబుతాను. ఇంటి పన్ను రసీదు తమ పేరున ఉన్న ఇద్దరు మనుషుల్ని ఈ రోజే అడిగి పెట్టుకోండి, బెయిల్ వచ్చాక వెతకొద్దు. ములాఖత్‌కి వెళ్లేటప్పుడు ఆధార్ ఒరిజినల్, జిరాక్స్ రెండూ పట్టుకెళ్లండి, ఇంటి విషయాలు చీటీ మీద రాసుకుని వెళ్లండి, ఎందుకంటే అక్కడ బుర్ర పనిచేయదు. ఒక పాత దుప్పటి, రెండు లుంగీలు, తాడు లేని ప్యాంటు, లోపలున్నాయన వాడే బీపీ మాత్రల చీటీ. మందులు నేరుగా తీసుకోరు, డాక్టరు చీటీ ఉంటే జైలు ఆసుపత్రిలో రాసిస్తారు.